స్పానిష్ రాకపోయినా లాటిన్ ట్రాప్ వినడం ఎలా: ‘మొనాకో’ పాట పట్టుకుని ఒక సమగ్ర మార్గదర్శి

కరీబియన్ దీవి ప్యూర్టో రికో గాయకుడు బాడ్ బన్నీ పాడిన ‘మొనాకో’ను మొదటి నెల రోజులు నేను తప్పుగా విన్నాను. షాంపేన్, రేసు కార్లు, హాలీవుడ్ పేర్లు చెవిలో పడుతుంటే, నాకు డబ్బుంది, పేరుంది, చూసుకోండి అని చెప్పే పాట అనుకున్నాను. నడకకు వెళ్లేటప్పుడు హుషారు కోసం పెట్టుకునేవాణ్ణి. ఒక రాత్రి ఆ పాట కింద మోగే వయొలిన్లు ఎక్కడివో వెతికితే 1964 నాటి ఫ్రెంచ్ పాట ఒకటి దొరికింది. అది విన్నాక ‘మొనాకో’ నాకు మళ్లీ మునుపటిలా వినపడలేదు.

ఈ మార్గదర్శి ఆ రెండో వినికిడి కోసం. ‘మొనాకో’ది లాటిన్ ట్రాప్ తరహా, అంటే స్పానిష్‌లో పాడే ఒక రకం ర్యాప్ సంగీతం. మన పిల్లలు కాలేజీలో, అమెరికాలో, ఇన్‌స్టాలో ఈ పాటలు వింటూనే ఉన్నారు. భాష రాదు కాబట్టి బీట్ దగ్గరే ఆగిపోతున్నారు. ఆగక్కర్లేదు. ఒక శనివారం సాయంత్రం రెండు గంటలు, మంచి హెడ్‌ఫోన్లు, ఒక కాగితం, పెన్ను ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: ఈ సాహిత్యంలో బూతు, శృంగారం పచ్చిగా ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఉంటే స్పీకర్లో పెట్టకండి.

మొదటి మెట్టు: ముందు పాత పాట వినండి

‘మొనాకో’ పెట్టకముందు షార్ల్ అజ్నవూర్ పాడిన ‘ఇయెర్ ఆంకోర్’ వినండి. పేరుకు ‘నిన్నటిదాకా’ అని చెప్పుకోవచ్చు. అజ్నవూర్ 1924లో పారిస్‌లో ఆర్మేనియన్ దంపతులకు పుట్టాడు. ఈ పాట వచ్చేసరికి ఆయనకు నలభై ఏళ్లు. నిన్నటిదాకా నాకు ఇరవై ఏళ్లే కదా, కాలంతో ఆటలాడుకున్నాను, రోజులన్నీ గాలికి వదిలేశాను, ఇప్పుడు చూస్తే చేతిలో ఏమీ మిగల్లేదు అని వగచే మనిషి గొంతు అది. ఫ్రెంచ్ రాకపోతే ‘యెస్టర్‌డే వెన్ ఐ వాజ్ యంగ్’ అనే ఇంగ్లీష్ రూపం కూడా ఉంది, రాయ్ క్లార్క్ పాడిన 1969 నాటి రికార్డు సులభంగా దొరుకుతుంది. అయినా ముందు ఫ్రెంచ్‌దే వినండి. మాటల కంటే వెనకాల తంత్రీ వాద్యాల బరువు మీ చెవిలో నిలవాలి.

ఇప్పుడు ‘మొనాకో’ పెట్టండి. అవే వయొలిన్లు.

దీన్ని శాంపిల్ చేయడం అంటారు: పాత రికార్డులోంచి ఒక ముక్క తీసుకుని దాని మీద కొత్త పాట కట్టడం. హిప్ హాప్‌లో ఇది మామూలే. కానీ ఏ పాటను ఎంచుకున్నారన్నది మామూలు విషయం కాదు. సంబరాల పాట కడదామని కూర్చున్నవాళ్లకు ప్రపంచంలో ఉత్సాహంగా ఉన్న రికార్డులు లక్ష దొరుకుతాయి. వీళ్లు మాత్రం యవ్వనం వృథా చేసుకున్నవాడి ఏడుపును పునాదిగా వేశారు. ఈ పాట వచ్చేనాటికి బాడ్ బన్నీకి 29 ఏళ్లు, ఇరవైల చివరి అంచు.

ఇంకొకటి. ఈ పాట ఉన్న ఆల్బమ్ 2023 అక్టోబర్ 13న వచ్చింది. దాని పేరు ‘నాదియే సాబే లో కే వా ఎ పసార్ మన్యానా’, అంటే ‘రేపు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు’. పాట అడుగున నిన్న ఉంది, అట్ట మీద రేపు ఉంది. ఆ రెండింటి మధ్య ఈ రాత్రి ఒక్కటే చేతిలో ఉన్నవాడు సీసా మూత తీస్తున్నాడు. మిగతా మెట్లన్నీ ఈ మాట గుర్తుపెట్టుకుని ఎక్కండి.

రెండో మెట్టు: దరువు లెక్కపెట్టండి

లాటిన్ ట్రాప్‌ను, రెగెటోన్‌ను చాలామంది కలిపేస్తారు. రెండూ ప్యూర్టో రికోలో పెరిగినవే, పాడేవాళ్లూ చాలావరకు వాళ్లే. కానీ ఒంటికి తగిలే తీరు వేరు. ఇది తెలియడానికి మనకు చిన్నప్పుడు నేర్చుకున్న జతులు చాలు.

డాడీ యాంకీ ‘గసోలీనా’ 2004 పాట, మన పెళ్లి డీజేలు కూడా వేస్తారు. అది పెట్టి నోటితో తకిట తకిట తక అనండి. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. రెండో తకిటలో ‘త’ మీద, చివరి తకలో ‘త’ మీద స్నేర్ అనే డ్రమ్ దెబ్బ సరిగ్గా పడుతుంది. ఇదే రెగెటోన్ వెన్నెముక. జమైకా గాయకుడు షబ్బా రాంక్స్ పాట ‘డెమ్ బో’ పేరే ఈ దరువుకు స్థిరపడిపోయింది. ఇది నడుముకు సంబంధించిన దరువు, నిలబడనివ్వదు.

ఇప్పుడు బాడ్ బన్నీదే 2016 చివర్లో వచ్చిన ‘సోయ్ పెయోర్’ పెట్టండి. లాటిన్ ట్రాప్ నేర్చుకోవడానికి ‘మొనాకో’ కంటే ఇది తేలిక, ఎందుకంటే వాద్యాలు తక్కువ. హై-హ్యాట్, అంటే పైన టికటిక మోగే చిన్న తాళాల శబ్దం, దాన్ని పట్టుకుని కాస్త చురుగ్గా ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టండి. చప్పట్టు లాంటి దెబ్బ మూడో అంకె మీదే పడుతుంది. రెగెటోన్‌లో దెబ్బ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఇక్కడ ఎదురుచూడాలి. ట్రాప్ పాటలు కాగితం మీద నిమిషానికి 130 నుంచి 150 బీట్ల దాకా ఉంటాయి కానీ, దెబ్బ అలా దూరం దూరంగా పడడంతో ఒంటికి అందులో సగం వేగమే తెలుస్తుంది.

హై-హ్యాట్‌ను విడిగా వినండి. తకధిమి తకధిమి అని నాలుగేసి అక్షరాలతో నడుస్తూ, ఉన్నట్టుండి అదే కొలతలో తకిట తకిటకు దూకుతుంది. మృదంగం నేర్చుకున్నవాళ్లు చతురశ్రం నుంచి తిశ్రానికి మారడం అంటారే, అదే. గాయకుడి మాటలు కూడా చాలాసార్లు ఆ తిశ్రంలోనే పడతాయి. ఇది అట్లాంటా నుంచి వచ్చిన అలవాటు. 2000ల మొదట్లో అక్కడి ర్యాపర్లు మత్తుమందులు అమ్మే ఇంటిని ‘ట్రాప్’ అనేవారు, ఉచ్చు అన్నమాట. అక్కడి జీవితాన్ని పాడిన సంగీతానికి ఆ పేరే వచ్చింది. ప్యూర్టో రికో కుర్రాళ్లు దాన్ని తమ స్పానిష్‌లోకి తెచ్చుకున్నారు. 2016లో దె లా గెట్టో, ఆర్కాంజెల్, ఒజూనా, అనువెల్ ఏఏ కలిసి పాడిన ‘లా ఒకాసియోన్’తో ఆ తరహా గట్టిగా నిలదొక్కుకుంది.

ఈ నిదానానికీ సంపద గురించిన పాటకూ సంబంధం ఉందని నా నమ్మకం. డబ్బు కోసం పరిగెత్తేవాడికి వేగం కావాలి. వచ్చేసినవాడు తీరిగ్గా నడుస్తాడు. బాడ్ బన్నీ గొంతు చూడండి: లోతైన గొంతు, కాస్త ముక్కుతో, మాట చివర్లు లాగి వదిలేస్తాడు. తొందర లేదని చెప్పడానికి ఆయనకు మాటలక్కర్లేదు.

మూడో మెట్టు: కింది శబ్దం

ఫోన్ స్పీకర్లో ఈ పాట సగమే వినపడుతుంది. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రంలో కిక్, అంటే పెద్ద డ్రమ్ శబ్దం కొట్టాక చాలాసేపు గుమ్మని సాగేది. ట్రాప్ చేసేవాళ్లు దాన్నే శ్రుతి చేసి బేస్ గిటార్‌కు బదులు వాడతారు. దాన్ని ‘ఎయిట్-ఓ-ఎయిట్’ అని పిలుస్తారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వయొలిన్లను పక్కన పెట్టి కేవలం ఆ అడుగు శబ్దాన్నే ఒకసారి మొత్తం పాట వినండి. దరువు ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ తిరిగి దిగుతుందో గుర్తుపెట్టుకోండి. ఈ తరహా పాటల్లో ముఖ్యమైన మాట చాలాసార్లు ఆ ఖాళీలోనే వేస్తారు.

నాలుగో మెట్టు: ప్యూర్టో రికో స్పానిష్‌కు చెవి అలవాటు చేయడం

అనువాద యాప్‌లో పాట పెడితే చెత్త వస్తుంది. కారణం యాప్ కాదు, యాస. పుస్తకాల స్పానిష్‌కూ ఈ పాటల స్పానిష్‌కూ మధ్య దూరం, మన పాఠ్యపుస్తకం తెలుగుకూ ఊరి మాటకూ ఉన్నంత ఉంటుంది.

మూడు సూత్రాలు పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. మాట చివరి ‘స్’ రాలిపోతుంది, కాబట్టి ‘లోస్’ కాస్తా ‘లో’ అవుతుంది. అక్షరం చివరి ‘ర్’ తరచూ ‘ల్’ అవుతుంది, ‘ప్యూర్తో’ను ‘ప్యూల్తో’ అంటారు. రెండు అచ్చుల మధ్య ‘ద’ కరిగిపోతుంది, ‘కాన్సాదో’ అంటే అలసినవాడు, అది ‘కాన్సావో’ అవుతుంది. సాహిత్యం రాసి ఉన్న పేజీ తెరిచి, ఎక్కడ అక్షరం బదులు పైన చిన్న కామా పెట్టారో అక్కడ ఏదో రాలిపోయిందని గుర్తించండి. ఆ అక్షరం మళ్లీ చేర్చి యాప్‌లో పెడితే అర్థం సగం తిన్నగా వస్తుంది. వీడియోను 0.75 వేగంతో నడిపి, ఒక్కో చరణం చదువుతూ వినండి. అన్నీ ఒకేసారి వద్దు.

ఇక ఆ దీవి మాటలు కొన్ని ఉన్నాయి, ఈ పాటలోనే కాదు, ఈ తరహా పాటలన్నిటిలో తగులుతాయి. ‘చావోస్’ అంటే డబ్బులు. ‘ప్రెండాస్’ అంటే నగలు, మెడలో గొలుసులు. ‘కొరీయో’ అంటే మన జట్టు, మనోళ్లు. ‘గ్వాగ్వా’ అంటే అక్కడ బస్సు, పెద్ద కారు కూడా. ‘హాంగేవో’ అంటే స్నేహితులతో తిరగడం, ఇంగ్లీష్ ‘హ్యాంగౌట్’కు స్పానిష్ తొడుగు. ‘బిచోతె’ అంటే పేటలో మత్తుమందుల వ్యాపారం నడిపే పెద్ద. ‘బిగ్ షాట్’ అన్న ఇంగ్లీష్ మాటే అలా మారిందంటారు. ‘కసెరీయో’ అంటే ప్రభుత్వం కట్టిన పేదల ఇళ్ల సముదాయం. బిచోతె ఉండేది కసెరీయోలో, పాట పుట్టేదీ అక్కడే. ఈ రెండు మాటలు తెలిస్తే ఈ సంగీతంలో సంపద గురించి ఎందుకు అంత గట్టిగా అరుస్తారో సగం తెలిసినట్టే.

ఐదో మెట్టు: పేర్ల జాబితా రాయండి

పెన్ను కాగితం అవసరమయ్యేది ఇక్కడే. పాట వింటూ చెవికి తగిలిన ప్రతి పేరూ రాయండి: ఊళ్లు, మనుషులు, తాగేవి, తొడుక్కునేవి. తర్వాత ప్రతి పేరు పక్కన, ఈ పేరే ఎందుకు, అని మిమ్మల్ని మీరు అడగండి. విలాసం గురించిన పాటలో వస్తువు పేరు అలంకారం కాదు, సాక్ష్యం. నేను ఇక్కడిదాకా వచ్చాను అన్నదానికి రసీదు.

ముందు ఊరి పేరు. మొనాకో రెండు చదరపు కిలోమీటర్ల దేశం, మన హుస్సేన్ సాగర్ కన్నా చిన్నది. 1869 నుంచి అక్కడ నివాసులకు వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, ఫ్రెంచ్ పౌరులకు మాత్రం ఆ వెసులుబాటు వర్తించదు. ప్రపంచంలోని కోటీశ్వరులు వచ్చి చేరడానికి కారణం సముద్రం ఒక్కటే కాదు. 1929 నుంచి ఆ ఊరి వీధుల్లోనే కార్ల పందెం జరుగుతోంది. గ్యాలరీ టికెట్ కొనుక్కుని చూసేవాళ్లు ఒక రకం. రేవులో నిలిపిన పడవ మీది నుంచి చూసేవాళ్లు మరో రకం. పాట ఏ రకం గురించో చెప్పక్కర్లేదు.

తర్వాత ఫార్ములా వన్ కార్ల పందెం డ్రైవర్ల పేర్లు. వెర్‌స్టాపెన్, చెకో ఇద్దరూ వినపడతారు. పాట వచ్చిన 2023లో ఇద్దరూ రెడ్ బుల్ జట్టు, ఛాంపియన్‌షిప్‌లో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే. చెకో అంటే సెర్హియో పెరెస్, మెక్సికో మనిషి. నెదర్లాండ్స్ ఛాంపియన్ పక్కన మెక్సికో వాడి ముద్దుపేరు వినపడగానే స్పానిష్ మాట్లాడే శ్రోతకు మనవాడు అన్న పొంగు వస్తుంది. లెబ్రాన్, డికాప్రియో పేర్లు కూడా వస్తాయి. ఒకరు బాస్కెట్‌బాల్ శిఖరం, మరొకరు హాలీవుడ్ శిఖరం. గమనించండి, వాళ్ల పేర్లు స్పానిష్ వాక్యంలో, ప్యూర్టో రికో యాసలో వస్తున్నాయి. ఆయన వాళ్ల బల్ల దగ్గర కూర్చోడానికి తన భాష మార్చుకోలేదు. నా దృష్టిలో ఈ పాటలో అన్నిటికన్నా పెద్ద గొప్ప అదే.

ఆరో మెట్టు: ఎక్కడి నుంచి వచ్చి గొప్పలు చెప్తున్నాడు?

ఈ మెట్టు దాటేసి ఎవరూ ఈ పాటను తీసిపారేయకూడదు.

బాడ్ బన్నీ అసలు పేరు బెనిటో ఆంటోనియో మార్టినెస్ ఒకాసియో. 1994లో పుట్టి, వేగా బాహా అనే ఊళ్లో పెరిగాడు. తండ్రి ట్రక్కు డ్రైవరు, తల్లి టీచరు. పిల్లవాడిగా చర్చి బృందంలో పాడాడు. అరెసీబోలోని విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, ఎకోనో అనే సూపర్ మార్కెట్లో జనం కొన్న సరుకులు సంచుల్లో సర్దే పని చేశాడు. తీరిక దొరికినప్పుడు పాటలు కట్టి సౌండ్‌క్లౌడ్‌లో పెట్టేవాడు. 2016లో ‘దీలెస్’ అనే పాట నిర్మాత డీజే లువియాన్ చెవిన పడింది. మొనాకోకు దారి అక్కడ మొదలైంది.

ఆ సంవత్సరాల్లో ఆ దీవి పరిస్థితి కూడా చూడండి. ప్యూర్టో రికో 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది. 1917 నుంచి అక్కడివాళ్లు అమెరికా పౌరులే, కానీ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. 2017 మే నెలలో ప్రభుత్వం 70 బిలియన్ డాలర్లకు పైగా అప్పు తీర్చలేక దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. అదే ఏడాది సెప్టెంబర్ 20న మరియా తుపాను వచ్చింది. దీవి మొత్తం చీకటైపోయింది. కొన్ని ఇళ్లకు కరెంటు తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. మొదట 64 మంది చనిపోయారని లెక్క చెప్పిన ప్రభుత్వం, తర్వాత 2,975 అన్న అంచనాను ఒప్పుకుంది.

లాటిన్ ట్రాప్ పెద్దదైంది సరిగ్గా ఈ కాలంలోనే. ఊరు దివాలా తీసినప్పుడు ఆ ఊరి కుర్రాళ్లు బంగారు గొలుసుల గురించి పాడారు. మొదట ఇది నాకు అతకలేదు. 2018లో ఆయన పాడిన ‘ఎస్తామోస్ బియెన్’ విన్నాక అతికింది. ‘మేం బాగున్నాం’ అని దాని అర్థం. అందులో డబ్బుంది, సంబరం ఉంది, మధ్యలో ఒక చోట మా ఇంటికి ఇంకా లైటు రాలేదు, అయినా ఆరోగ్యం ఉంది, దేవుడికి దండం అన్న భావం వస్తుంది. ఆ పాటను ఆ ఏడాది అమెరికా టీవీలో పాడేముందు తుపాను మృతుల గురించి, కరెంటు లేని ఇళ్ల గురించి మాట్లాడాడు. కాబట్టి ఐదో మెట్టులో మీరు రాసుకున్న జాబితాను మళ్లీ తీసి, ప్రతి పేరు పక్కన ‘మా ఇంటికి ఇంకా లైటు రాలేదు’ అని మనసులో చేర్చుకుని చదవండి.

అలాగని పాటను పూర్తిగా వెనకేసుకురాలేను. 2012 నుంచి ప్యూర్టో రికో కూడా బయటి ధనవంతులను పన్ను రాయితీలతో పిలుస్తోంది. వాళ్ల రాకతో ఇళ్ల ధరలు పెరిగి, ఉన్న ఊరి జనమే ఖాళీ చేయాల్సి వస్తోందని దీవిలో పెద్ద బాధ. 2022లో బాడ్ బన్నీ తన ‘ఎల్ అపగోన్’ వీడియోలో ఆ సమస్య మీద ఒక డాక్యుమెంటరీనే కలిపాడు. మరుసటి ఏడాది ఆయనే, పన్ను లేని ధనవంతుల ఊరి పేరు పెట్టి సంబరాల పాట పాడాడు. ఈ రెండూ ఒకే మనిషివి. నేను దీన్ని విప్పి సర్దిచెప్పను. రెండు వీడియోలూ ఒకే సాయంత్రం, ఒకదాని తర్వాత ఒకటి చూడండి.

ఏడో మెట్టు: వీడియో

‘మొనాకో’ వీడియోలో అల్ పచీనో కనిపిస్తాడు. చాలామంది పెద్ద నటుడు కదా అని దాటేస్తారు. ఆయన 1983లో ‘స్కార్‌ఫేస్’ సినిమాలో టోనీ మోంటానాగా చేశాడు. చేతిలో ఏమీ లేకుండా క్యూబా నుంచి మయామీ చేరి, మత్తుమందుల వ్యాపారంతో కోట్లు సంపాదించి, ఆ సంపద మధ్యలోనే నేలకూలిన పాత్ర. అమెరికా ర్యాపర్లకు, కరీబియన్ కుర్రాళ్లకు నలభై ఏళ్లుగా ఆ పాత్ర ఒక పురాణ పురుషుడు. కరీబియన్ నుంచి వచ్చి గెలిచిన కుర్రాడు ఆ నటుడితో కలిసి కూర్చోవడం చూస్తే, గెలుపూ కనిపిస్తుంది, ఆ పాత్ర చివరికి ఏమైందో కూడా గుర్తొస్తుంది. శబ్దం తీసేసి ఆ దృశ్యం ఒకసారి చూడండి.

ఎనిమిదో మెట్టు: మింగుడుపడనిది మింగకండి

ఈ తరహా పాటల్లో ఆడవాళ్లు చాలాసార్లు సీసాలు, కార్ల వరసలో ఒక వస్తువుగా వస్తారు. ‘మొనాకో’ కూడా దీనికి మినహాయింపు కాదు. సందర్భం తెలిసినంత మాత్రాన అది మంచిదైపోదు. నా వరకు ఆ పాదాలు వచ్చినప్పుడు పాట నా నుంచి దూరం జరుగుతుంది, జరగనిస్తాను. మీ ఇంట్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఇవి వింటుంటే వద్దని లాక్కోవడం కంటే, కూర్చుని ఆ పాదం అర్థం వాళ్లతోనే చెప్పించండి. అర్థం పైకి చెప్పాల్సి వస్తే వాళ్లే ఆలోచిస్తారు.

తొమ్మిదో మెట్టు: వరస పెట్టి వినడం

ఆల్బమ్‌లో ‘మొనాకో’ రెండో పాట. ముందు ‘నాదియే సాబే’ అనే దాదాపు ఆరు నిమిషాల పాట ఉంటుంది, పేరు తెచ్చిపెట్టిన ఒంటరితనం, విమర్శలు అందులో వినపడతాయి. అది ముగిసిన వెంటనే ‘మొనాకో’ రానివ్వండి, విడిగా వినకండి. ఆల్బమ్ చివర్లో ‘ఆచో పీఆర్’ ఉంది, అందులో ఆర్కాంజెల్, దె లా గెట్టో, న్యెంగో ఫ్లో తోడుగా దీవిని తలుచుకుంటారు. ‘ఆచో’ అన్నది ప్యూర్టో రికో వాళ్లు మాట మొదట్లో వాడే పిలుపు, మన ‘అరె’ లాంటిది.

దాని తర్వాత 2025 జనవరిలో వచ్చిన ‘దెబీ తిరార్ మాస్ ఫోతోస్’ పెట్టండి, ‘ఇంకా ఎక్కువ ఫోటోలు తీసి ఉండాల్సింది’ అని దాని పేరు. ఆ వేసవిలో బాడ్ బన్నీ ఊరూరా తిరగకుండా ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లోనే వరసగా కచేరీలు చేశాడు, మొదటి తొమ్మిది ప్రదర్శనల టికెట్లు దీవి వాసులకే అమ్మారు. ఆ ఆల్బమ్ పేరు చదివాక ఒక్కసారి వెనక్కి వెళ్లి మళ్లీ అజ్నవూర్ పాట వినండి. ఈసారి కాగితం, పెన్ను అక్కర్లేదు.